టిక్కుమనని కంచె

కరెంటు ఒకటే అంటారు. మరి ఒకటి చేతిని విదిలించేసి, ఇంకొకటి పట్టుకుని వదలదెందుకు? భగవంతుడు ఈ తేడా ఎందుకు పెట్టాడో అని ఏళ్లుగా నాకు సందేహం. పాలసామి చావు తర్వాత అది భయమైంది.

మా కోవిల్‌పట్టి దగ్గర మక్కజొన్న చేను. అడవిపందుల కాపలా కూలీ పాలసామి కంచె పక్కన శవమై పడి ఉన్నాడు. కాళ్లు తీగ కిందే ఉన్నాయి.

విరుదునగర్ నుంచి కొత్తగా బదిలీ అయిన ఇన్‌స్పెక్టర్ యువరాణి వచ్చింది.

"గుండె ఆగింది మేడమ్," అన్నాడు చేని యజమాని సీనివాసన్. "ఇది సోలార్ కంచె. పంది కూడా చావదు. నా మనమళ్లు తాకి నవ్వుతారు."

పాలసామి భార్య తంగం సీనివాసన్ వైపు చూపించింది. "రాత్రికి కాపలాకు నన్ను రమ్మంటుండాడమ్మా ఈ చేని మొదలాళి. నాకు భయంగా ఉండాది."

యువరాణి గ్లౌజులు వేసుకుని శవం కుడి చెయ్యి తిప్పింది. అరచేతికి అడ్డంగా, వేళ్ల మడతల్లో, నల్లటి కాలిన గీత.

"కంచెలో కరెంటు ఉందో లేదో మీ ఆయన ఎట్లా చూసేవాడు?"

"చెవితోనే. మా ఊర్లో అందరమూ అంతే. కంచెకు కరెంటిచ్చే పెట్టె టిక్కు టిక్కుమంటే తాకం. సద్దు లేకుంటే తీగ పట్టి బిగిస్తాం."

"నిన్న?"

"నేను కూడు తెచ్చినప్పుడే సద్దు లేదు. తీగ తెగిందేమో, తెల్లారి చూస్తానన్నాడు."

"చూశారా!" అన్నాడు సీనివాసన్. "పెట్టె చెడిపోయింది. కరెంటే లేదు!"

"అయితే తీగ పట్టుకోండి అయ్యా."

సీనివాసన్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మనమళ్లు తాకేదే కదా. పట్టుకోండి."

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. చుట్టూ ఉన్నవాళ్లూ వెనక్కి జరిగారు.

"సోలార్ కంచె క్షణం కొట్టి ఆగుతుంది," అంది యువరాణి. "ఆ సందులో చెయ్యి వచ్చేస్తుంది. బ్యాటరీ డీసీ కూడా ఎక్కువైతే చంపుతుంది. కానీ ఎక్కువగా ఒక్క కుదుపుతో విసిరేస్తుంది. ఇంటి కరెంటు ఏసీ. సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. కండలు బిగుసుకుంటాయి. వదలాలన్నా వేళ్లు వినవు. ఈ గీత విదిలించిన చేతిది కాదు, పట్టు వదల్లేని చేతిది. ఇంటి కరెంటు టిక్కుమనదు కూడా. కంచెకు లైన్ ఎక్కడినుంచి ఇచ్చారు?"

"మోటార్ షెడ్..." సీనివాసన్ షెడ్డు వైపు చూశాడు. "పందులు సగం చేను తినేసినాయి మేడమ్. పెట్టె విప్పేసి లైన్ ఇచ్చినా. పొద్దున్నే తీసేద్దామని... జనం వచ్చేసినారు."

"అంటే ఇంకా ఉందా?"

అతను తలూపాడు.

కానిస్టేబుల్ మాయాండి షెడ్డుకు పరుగెత్తాడు.

"తీసేసినా మేడమ్!"

యువరాణి టెస్టర్ పెట్టి చూసింది. వెలగలేదు.

"రాత్రికి ఇక్కడ ఎవరూ కాపలా ఉండరు," అంది. "శవాన్ని పోస్ట్‌మార్టమ్‌కు ఎత్తండి."

కాళ్లవైపు ఎవరూ రాలేదు.

తంగం కళ్లు తుడుచుకుంది. తీగ దగ్గరికి వెళ్లి, వంగి, మొగుడి కాళ్లు పట్టుకుంది.

"తలకాయవైపు పట్టండి," అంది. "నేను ఇక్కడ ఉండాను."