తెల్లబడ్డ బంతిపూలు

బుల్లిబాబు శవాన్ని బేస్‌మెంట్‌లో ఎవరిదో కొత్త కారు పక్కన పడుకోబెట్టారు.

దసరా కదా, కారుకి బంతిపూల దండ వేశారు. టైరు కింద నిమ్మకాయ నలిగి ఉంది. కారుకి జరిగిన మర్యాద మనిషికి జరగలేదు. ముఖం మీద కప్పిన తువ్వాలు కూడా స్విమ్మింగ్ పూల్ దగ్గర ఎవరో వదిలేసిందే.

సీఐ కృష్ణప్రియ తువ్వాలు ఎత్తి చూసింది. కళ్లు ఎర్రగా వాచాయి. పెదాల పక్కన నురగ. కుడి చేతి గోళ్లు రెండు విరిగాయి.

గోళ్లు ఎందుకు విరిగాయి? ఆ ప్రశ్నని ప్రస్తుతానికి తన దగ్గరే ఉంచుకుంది.

"గ్యాసు మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ ఎల్లేశం. "పూల్ పంపు రూముల రెండు కెమికల్స్ కలిసినయట. క్లోరిన్ లేచింది. ఫైరోళ్లు కరెంటు బంద్ చేసి, తలుపులు తెరిచి, గాలాడనిచ్చి పోయిన్రు. ఇగ లోపలికి పోవచ్చన్నరు."

"రూము సీల్ చేసినవా?"

"ఇప్పుడే చేస్తున్న మేడం. జనం మొత్తం శవం దగ్గర్నే ఉండె..."

"అంటే చెయ్యలే."

ఎల్లేశం తల దించుకున్నాడు. టైము ఎనిమిదిన్నర.

చందానగర్ మార్కెట్ దాటి శేరిలింగంపల్లి వైపు వస్తే, మూడు టవర్ల అపార్ట్‌మెంట్ అది. నాలుగు వందల కుటుంబాలు. పెద్ద పెద్ద జీతాలు, చిన్న చిన్న పిల్లలు. వాళ్లందరి పాదాల కింద పంపు రూములో ఏముందో వాళ్లకి తెలియదు. తెలిసిన కొద్దిమందిలో మొదటివాడు అసోసియేషన్ ప్రెసిడెంట్ బుల్లిబాబు. ఆయన ఇప్పుడు కారు పక్కన పడుకున్నాడు.

"మెయిన్ వెయ్యండి," అంది కృష్ణప్రియ, పంపు రూము మెట్లు దిగి.

లైట్లు వెలిగాయి. గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాను గిర్రున తిరగడం మొదలుపెట్టింది.

ఆమె గుమ్మంలోనే ఆగింది. పొద్దున అక్కడ ఆయుధపూజ చేశారు. పంపులకీ, ఫిల్టర్లకీ, రెంచీలకీ, ఆఖరికి చీపురుక్కూడా బొట్లు. మోటార్ల మెడలో బంతిదండలు. ఆ బంతిపూలన్నీ తెల్లబడి ఉన్నాయి. కుంకుమ బొట్లు వెలిసిపోయి ఉతికిన గుడ్డ మీద మరకల్లా మిగిలాయి. క్లోరిన్ మనిషినే కాదు, రంగుల్నీ వదల్లేదు.

ఎల్లేశానికి ఇవేం పట్టలేదు. ఫ్యాను పక్కనున్న ఫ్యూజు డబ్బా మీద బొట్టు కనిపిస్తే వేలితో తాకి కళ్లకద్దుకున్నాడు. అలవాటు. కృష్ణప్రియ గది మొత్తాన్నీ ఫోనులో ఫొటోలు తీసుకుంది.

మూల ప్లాస్టిక్ బకెట్టు. పక్కన ఒకే రంగు క్యాన్లు రెండు. వెనక నీలం డ్రమ్ములు. దేని మీదా పేరు లేదు.

"పంపు ఆపరేటర్ ఎవరు?"

ఓదెలు ముందుకొచ్చాడు. ఇంకా దగ్గుతున్నాడు. శవాన్ని బయటికి లాగింది అతనే.

"పూల్‌ల మందు కలిపేది నువ్వే గదా. ఇయ్యాల ఆయనెందుకు కలిపిండు?"

"దసర గదా మేడం. పూజ చేసిన సామాన్ రేపటిదాక ముట్టం. సారుకు ఎరికే. పోయిన దసరకు గూడ సారే కలుపుకున్నడు. రాత్రికి పూల్ కాడ దావత్ ఉండె, నీళ్లు సాఫ్ ఉండాలన్నడు."

"క్యాన్ల మీద పేర్లేవి?"

"సారే గీకిపిచ్చిండు. జీడిమెట్ల ఫ్యాక్టరీల దిక్కు నుంచి డ్రమ్ములల్ల అగ్గువకు తెచ్చిన దొంగ మాలు. ఎవలిదో ఎరుక కావద్దని. ఎడమ దిక్కుది యాసిడ్, కుడి దిక్కుది క్లోరిన్. గంతే గుర్తు."

కృష్ణప్రియ కర్చీఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకుని క్యాన్ల మూతలు తీయించింది. ఎడమది క్లోరిన్. కుడిది యాసిడ్. ఎవరో తారుమారు చేశారు. క్లోరిన్ అనుకుని బుల్లిబాబు బకెట్టులో ఉన్న క్లోరిన్ నీళ్లలో యాసిడ్ పోశాడన్నమాట.

"వాసన పట్టలేదా ఆయన?"

"ముప్పయ్యేండ్లు కెమికల్ ప్లాంట్ల చేసిండు మేడం. ముక్కు ఎన్నడో పోయింది."

"బయట కెమెరా?"

"గోడ దిక్కు తిప్పిచ్చిండు. డ్రమ్ములు దించుడు కనబడొద్దని."

లేబులు ఉంటే బతికేవాడు. కెమెరా తిన్నగా ఉంటే చంపినవాళ్లు దొరికేవాళ్లు. బుల్లిబాబు తన చావుకి దారి మొత్తం తనే చదును చేసి పెట్టుకున్నాడు.

"నువ్వు వచ్చేసరికి?"

"ఏడయింది. తలుపు ఉత్తగ దగ్గరికేసి ఉన్నది. సారు గడప కాడ పడి ఉన్నడు. బల్బు ఎలుగుతున్నది. ఫ్యాను స్విచ్చి ఏసే ఉన్నది గని ఫ్యాను తిరుగుతలేదు మేడం."

అందరూ తలెత్తారు. ఫ్యాను హాయిగా తిరుగుతోంది.

"చూశారా అండీ అబద్ధం!" అసోసియేషన్ సెక్రటరీ వెంకటరామయ్య అందుకున్నాడు. "క్యాన్లు మార్చింది కూడా ఈడే. జీతం పెంచమని మొన్నే గొడవ పడ్డాడండి ప్రెసిడెంటు గారితో."

"మీకు తెలుసా, ఈ డ్రమ్ముల సంగతి?"

వెంకటరామయ్య డ్రమ్ముల వైపు చూడకుండా పక్కకి జరిగాడు. తెలుసన్నమాట.

కృష్ణప్రియ మళ్లీ ఆ నీలం డ్రమ్ముల వైపు చూసింది. వాళ్ల నాయన జీడిమెట్లలో ఇలాంటి డ్రమ్ములు కడిగే పని చేసేవాడు. ఒక్కో రాత్రి మంచం మీద కూర్చుని దగ్గుతూనే తెల్లవార్చేవాడు. అలా దగ్గి దగ్గి, ఆమె డిగ్రీ పరీక్షలు రాస్తుండగా పోయాడు. ఆ డ్రమ్ముల యజమాని ఇంటి గేటు దాకా కూడా ఏ పోలీసూ వెళ్లలేదు. చచ్చినవాడి మీద ఆమెకి జాలి కలగలేదు. కానీ ఓదెలు దగ్గు విని ఆమెకి నాయన గుర్తొచ్చాడు.

"ఈయనంటే పడనివాళ్లు ఎవరున్నరు?"

జనం చూపులన్నీ ఒక్కవైపే తిరిగాయి.

లోహిత్ కార్లు దిగే రాంపు గోడకి ఆనుకుని ఉన్నాడు. మెడలో ఆఫీసు కార్డు ఇంకా తీయలేదు.

"నేనేనండి," అన్నాడు. "ఐదు నెలలుగా రోజూ చంపుతూనే ఉన్నాను, మనసులో. ఎవరో నాకన్నా ముందుపడ్డారు."

"ఎందుకు?"

"మేలో మా పాప పింకీ పూల్ పక్కన డ్రెస్సింగ్ రూములో ఉండగా ఈ పంపు రూములోంచి గ్యాస్ లీకయింది. పాపకి ఎనిమిదేళ్లు. ఊపిరందక కొట్టుకుంటోంది. అంబులెన్సుకి ఫోన్ చెయ్యబోతే ఈ బుల్లిబాబు మా అమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. అంబులెన్సు వస్తే డ్రమ్ములు బయటపడతాయని భయం. ఏమన్నాడో తెలుసా? 'ఏం లేదండి, ఆయాసం. కాసేపు ఫ్యాను కింద కూర్చోబెట్టండి, తగ్గిపోద్ది' అన్నాడు."

"తర్వాత?"

"ఫ్యాను కిందే పోయింది. ఆస్తమా అని రాయించాడు. మీ పోలీసులు కూడా అదే నమ్మారు."

అది ఆమె రాకముందున్న సీఐ చేసిన పని. అయినా కృష్ణప్రియ తలొంచుకోవలసి వచ్చింది.

"సాయంత్రం ఎక్కడున్నరు?"

"హైటెక్ సిటీలో. మనకి దసరా గానీ మా క్లయింటుకి లేదు కదండి. ఎనిమిదింటికి వచ్చాను. ఆఫీసు గేటులో కార్డు గీసిన టైము చూసుకోండి."

పక్కనే అతని తల్లి రత్నమాల. రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్, కాకినాడ మనిషి. జరీ చీరలో, చేతిలో పసుపు, అక్షింతలు, కుంకుమ భరిణె ఉన్న చిన్న సంచితో పేరంటం నుంచి నేరుగా వచ్చినట్టుంది. ముఖం ప్రశాంతంగా ఉంది.

"మీరు పంపు రూముకి వెళ్లిండ్రా అమ్మా?"

"పింకీ పోయాక నేనా పంపు రూము మెట్లు దిగలేదమ్మా. ఇప్పుడు కూడా రాంపు మీద నిలబడే చూశాను." ఓదెలు వైపు చూసింది. "ఓదెలుని ఏం చేస్తారు?"

"రిమాండ్."

"వాడేం చేశాడు?"

"చెయ్యలేదని చెప్పెటోళ్లు ఎవరూ లేరు."

రత్నమాల సంచి ముడి బిగించుకుంది.

తొమ్మిదింటికి ఏసీపీ ఫోను. "ఆపరేటర్ నిర్లక్ష్యం. రేపు కోర్టులో పెట్టెయ్. నాలుగు వందల ఫ్లాట్లవాళ్లు నా ప్రాణం తీస్తున్నారు." ఫోను పెట్టేశాక కృష్ణప్రియ ఓదెలుని జీపు ఎక్కించక తప్పలేదు. ఎక్కుతూ కూడా అతను ఒకటే మాట అన్నాడు. ఫ్యాను తిరగలేదని.

మర్నాడు పొద్దున స్టేషన్ ముందు ఎల్లేశం పెట్రోలింగ్ బండి కడుగుతున్నాడు. దసరా రోజంతా నిమజ్జనాల బందోబస్తులో తిరిగి బండికి పూజ తప్పిపోయింది. పళ్లెంలో పసుపు, కుంకుమ, అక్షింతలు. బానెట్ మీద బంతిదండ పచ్చగా మెరుస్తోంది.

కృష్ణప్రియ టీ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆగిపోయింది. బంతిపూలంటే ఇలా ఉండాలి. రాత్రి చూసినవన్నీ తెల్లబడ్డాయి. బొట్లన్నీ వెలిసిపోయాయి. మరి...

"ఎల్లేశం! రాత్రి నువ్ దేనికి మొక్కినవ్?"

"ఫ్యూజు డబ్బకు మేడం. బొట్టు మంచిగ కనబడే, గందుకే..."

"ఎర్రగ ఉండెనా?"

ఎల్లేశం చేతిలో కుంకుమ పళ్లెం అలాగే ఉండిపోయింది. "ఉండె మేడం. నిగనిగ."

ఆమె ఫోను తీసి ఫొటో పెద్దది చేసి చూసింది. తర్వాత బొట్టు పెట్టబోతున్న ఎల్లేశాన్ని ఆపింది. "బండి అట్లనే తీయి. పళ్లెం గూడ తీసుకో. ఓదెలును ఎక్కించు."

పదింటికి అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్ ముందు నలుగురూ నిలబడ్డారు. లోహిత్, రత్నమాల, వెంకటరామయ్య. చేతులకి బేడీలతో ఓదెలు. ఎదురుగా బొట్టు లేని పోలీసు బండి.

"నిన్న మా బండికి పూజ కాలేదు," అంది కృష్ణప్రియ. "తలా ఒక బొట్టు పెట్టండి."

"ఇదేం ఎంక్వయిరీ అండీ?" వెంకటరామయ్య విసుక్కున్నాడు. అయినా వెళ్లి చిటికెడు కుంకుమ బానెట్ మీద అలికి వచ్చాడు.

లోహిత్ చేతులు కట్టుకున్నాడు. "నేను పెట్టనండి. పాప పోయాక ఇవన్నీ మానేశాను."

ఓదెలు బేడీలతోనే వంగాడు. బొటనవేలు తడి కుంకుమలో ముంచి, కింది నుంచి పైకి ఒక్క గీత గీశాడు. పంపు రూములో వెలిసిపోయిన బొట్లన్నీ సరిగ్గా ఇలాంటి గీతలే.

రత్నమాల పళ్లెం ముందు చాలాసేపు నిలబడింది. ఆమె చూపు పళ్లెం మీద లేదు, ఓదెలు మణికట్టు మీద ఉంది. బేడీల కింద చర్మం ఒరుసుకుపోయింది.

అప్పుడు ఆమె వంగింది. తడి పసుపు తీసి గుండ్రంగా అద్దింది. ఉంగరపు వేలితో సరిగ్గా నడిమధ్యన కుంకుమ పెట్టింది. దాని మీద ఒక్క అక్షింత అంటించింది.

కృష్ణప్రియ ఫోను ముందుకు చాచింది. ఫ్యూజు డబ్బా ఫొటో. గుండ్రంగా పసుపు, మధ్యలో ఎర్రటి కుంకుమ, మీద ఒక్క అక్షింత.

"గదిలో ప్రతి పువ్వూ తెల్లబడ్డది. ప్రతి బొట్టూ వెలిసిపోయింది. ఇదొక్కటే ఎర్రగ ఉన్నది. ఈ బొట్టు గ్యాసు చూడలే. గ్యాసు పోయినంక పెట్టిన్రు."

"అయితే ఏంటండీ?" అన్నాడు వెంకటరామయ్య.

"ఓదెలు అబద్ధం చెప్పలే. ఫ్యాను నిజంగనే తిరగలే. దాని ఫ్యూజు ముందే ఎవరో పీకిన్రు. పీకుతుంటే ఓదెలు పెట్టిన బొట్టు చెరిగింది. చచ్చినంక, ఫైరోళ్లు పోయినంక, మేం రూము సీల్ చెయ్యకముందు, చీకట్లో సెల్లు లైటు పట్టుకుని వచ్చి ఫ్యూజు మళ్ల పెట్టిన్రు. ఫ్యాను మంచిగుంటే తప్పు బుల్లిబాబుదే అయితది గదా. పని అయిపోయింది, పోవచ్చు. కానీ పూజ చేసిన డబ్బా బోసిగ కనపడ్డది. చెయ్యి ఊరుకోలే. సెల్లు లైటుల మిగతా బొట్లు వెలిసిపోయినయని కనపడలే." రత్నమాల వైపు తిరిగింది. "మెట్లే దిగలేదన్నరు కదా అమ్మా."

"అమ్మా!" లోహిత్ తల్లి ముందుకొచ్చి నిలబడ్డాడు.

రత్నమాల పమిట చెంగుతో వేళ్లకంటిన పసుపు తుడుచుకుంది. "దిగాను. దసరా నాడు మందు కలిపేది బుల్లిబాబేనని తెలుసు. ఓదెలు పూజ చేసి వెళ్లాక క్యాన్లు మార్చాను. ఫ్యూజు తీశాను. ముప్పై ఏళ్లు పిల్లలకి ఏది దేనితో కలపకూడదో చెప్పినదాన్ని. పూజ చేసినదాని బొట్టు తుడిచి వెళ్లిపోవడం మాత్రం నా వల్ల కాలేదు."

"ఇప్పుడు బొటనవేలితో ఒక గీత గీసి ఉంటే మీ జోలికి వచ్చేదాన్ని కాదు. మీకు తెలుసు."

"తెలుసు. వాడి చేతులు చూశాకే పెట్టాను. నా పగ బుల్లిబాబుతో. దాన్ని ఓదెలు మోయకూడదు." ఆమె వెంకటరామయ్య వైపు వేలు చూపించింది. "డ్రమ్ములు ఇంకా కిందే ఉన్నాయి. ముందు వాటిని తీయించండి. తెలిసీ నోరు మూసుకున్న ఈయన్ని కూడా వదలకండి."

"వదలను," అంది కృష్ణప్రియ. ఆ మాట అనడం ఆమెకి ఎంతో ఇష్టంగా ఉంది. ఎల్లేశం ఓదెలు బేడీలు విప్పి వెంకటరామయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

ఇంక ఒక్కటే ప్రశ్న మిగిలింది. విరిగిన గోళ్లు.

"తలుపు బయట గొళ్ళెం మీరే పెట్టిన్రు కదా?"

"పెట్టాను. చప్పుడు ఆగాక తీశాను."

"లోపల కొట్టుకున్నడు. మీరు వింటూ నిలబడ్డరా?"

"నిలబడ్డాను. తడి చెంగు ముక్కుకి కట్టుకుని."

"ఏమన్నడు?"

"ఊపిరాడట్లేదు, తలుపు తియ్యండన్నాడు. బయట ఎవరని అడిగాడు. పింకీ నాయనమ్మనని చెప్పాను."

"తర్వాత?"

రత్నమాల కృష్ణప్రియ కళ్లలోకి సూటిగా చూసింది.

"'ఏం లేదండి, ఆయాసం. కాసేపు ఫ్యాను కింద కూర్చోండి, తగ్గిపోద్ది' అన్నాను."