గజేందర్ ఓకే చెప్పాడు

దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి గది. బయట పొద్దుటి నుంచీ ముసురు, సాయంత్రానికే చీకటి కమ్మింది. కింద మిర్చిబండి నుంచి కాగిన నూనె వాసన వస్తోంది. అరుణశ్రీ లాప్‌టాప్‌లో ఒక డ్రైవర్ కోడు చూస్తోంది.

డ్రైవర్ అంటే బండి తోలేటాయన అనుకునేరు! కంప్యూటర్ మాటను మిషన్‌కు చేరవేసే ప్రోగ్రాము అది. ఈ కోడు, ఆమె ఆఫీసు తయారుచేసే ఊపిరి పోసే మిషన్‌ది. ఎల్బీనగర్ దవాఖానలో ఆమె నాయన హనుమాండ్లు ఆ మిషన్ మీదే ఉన్నాడు.

తమ్ముడు శైలేందర్ ఫోన్ చేశాడు. "అక్కా, మిషన్ మళ్ల ఆగింది. నర్సు చేత్తోని గాలి బ్యాగు ఒత్తుతున్నది. ఇంకో మిషన్ ఖాళీ లేదంట. జర జల్దీ..."

"తప్పు దొరికింది రా. ఒక్క లైను. తీసేస్తున్న."

మిషన్‌కు 'కొంచెంసేపు ఆగు' అని చెప్పే లైను. ఎందుకు పెట్టాడో అడుగుదామంటే, అది రాసిన ఆఫీసు తోటివాడు గజేందర్ పోయిన ఏడాదే పెద్ద అంబర్‌పేట్ దగ్గర లారీ కింద పడి చనిపోయాడు, పాపం.

లైను తీసేసింది. కానీ మార్చినవాళ్లు కాక ఇంకొకరు చూసి ఓకే అంటేగానీ మార్పు మిషన్‌కు పోదు. అది వాళ్ల ఆఫీసు పద్ధతి. అందరికీ ఫోన్ చేసింది. ఒక్కరూ ఎత్తరే! 'ఎవరన్న ఓకే చెప్పుండ్రి, మీ కాళ్లు మొక్కుత' అని ఆ మార్పు కిందే కామెంటు రాసి వెక్కి వెక్కి ఏడ్చింది.

కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద, ఫోన్ నెట్ మీద నడుస్తోంది. నూనె వాసన పోయి, గదినిండా దవాఖాన మందుల వాసన...

టింగ్.

ఆ లైను పక్కన కామెంటు. పేరు... గజేందర్.

'తీయకు అరుణా. మిషన్ ఆగిన గా సందులనే నేను ఊపిరి పీల్చుకుంటున్న.'

ఎవరో ఆటలాడుతున్నారనుకుందామంటే, అతను పోయాక ఆ అకౌంటు మూయించింది తనే.

మళ్లీ శైలేందర్. "నాయిన నీలంగ అయితున్నడక్కా..."

ఇక దెయ్యమైతేనేం, దేవుడైతేనేం! గబగబా కొట్టింది. 'అన్నా, నీకు దండం పెడత. ఓకే చెప్పు.'

'మరి నేనెక్కడ పీల్చాలె?'

'యాడన్న పీల్చుకో! మా నాయినను ఇడిచిపెట్టు!'

కళ్లు తెరకు అతికించింది.

గజేందర్ పేరు పక్కన పచ్చ గుర్తు పడింది. ఓకే.

మార్పు మిషన్‌కు పోయింది. ఫోన్ చెవికి అదిమిపెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, ఊపిరి బిగబట్టి వింది అరుణశ్రీ.

"అక్కా! ఆగుతలేదు! నాయిన మంచిగున్నడు. బతికిచ్చినవ్!"

ఆమె కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. బిగబట్టిన ఊపిరి ఇంకా వదల్లేదు.

"ఇంగ భయం లేదక్కా," అన్నాడు తమ్ముడు. "నువ్వెందుకు గట్ల రొప్పుతున్నవ్? జర నిమ్మలంగ పీల్చుకో."