అద్దంలో మజ్జిగ

"డాక్టర్ సంధ్యను ఈ ఉదయం పదింటికి ల్యాబ్‌లో చంపబోతున్నారు. ప్రమాదంలా కనిపించేలా ప్లాన్ చేశారు," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "పాలిమర్ ఫార్ములా ఆమె తలలోనే ఉంది. ఆమె పోతే విదేశీ ముఠాకి పోటీ ఉండదు. ఆపు."

తొమ్మిదిన్నరకి ఏజెంట్ రఘుపతి ఏసీ మెకానిక్ వేషంలో గల్ఫ్‌లోని అల్ ఖువైర్ ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. లోపలున్న తమ మనిషి ఇంజనీర్ నసీమా ఎదురొచ్చింది. సిల్కు స్కార్ఫు, ఖరీదైన అత్తరు. అందగత్తెలను రఘుపతి రెండుసార్లు అనుమానిస్తాడు.

"బహ్లా ఖర్జూరం దొరుకుతుందా?"

"కుండలే మిగిలాయి." కోడ్ సరిపోయింది. "బాంబు ఆమె కారులో ఉంది. పార్కింగ్‌కి పరిగెత్తండి! ఇక్కడంతా క్లియర్. సెల్‌లో గ్యాస్ నేనే బయటికి వదిలేశాను."

సెల్ అంటే గది మధ్యలోని స్టీలు పాత్ర. వెనకవైపు మందపాటి అద్దం. మూడు వందల బార్ ఒత్తిడిలో కార్బన్ డయాక్సైడ్ గ్యాసూ ద్రవమూ కాని స్థితికి మారి, ప్లాస్టిక్‌ను చక్కెరలా కరిగించేస్తుంది. ఇప్పుడు గేజ్ సున్నా చూపిస్తోంది. దాని ముందు నిలబడి సంధ్య మూత బోల్టులు విప్పడం మొదలుపెట్టింది.

బాంబు జాడ మరీ సులువుగా దొరికిందే! రఘుపతి గుమ్మం దగ్గర ఆగాడు.

సెల్ వెనక నేల తుడుస్తున్న క్లీనర్ లింబాద్రి మెల్లగా అడిగాడు. "సార్, గీ మిషిన్ ఖరాబైందా?"

"ఏం?"

"రోజూ గ్యాస్ ఇడిసినంక అద్దంల మజ్జిగ లెక్క తెల్లగైతది. గియ్యాల నీళ్ల లెక్కనే ఉన్నది."

రఘుపతి గేజ్ వైపు చూశాడు. ఒత్తిడి తగ్గితే కరిగిన ప్లాస్టిక్ విడిపోయి తెల్లబడాలి. తెల్లబడలేదంటే లోపల మూడు వందల బార్ అలాగే ఉంది. గేజ్‌ను ఎవరో పాడుచేశారు.

"మేడం, ముట్టుకోకండి!"

ఒక్క దూకులో వెళ్లి సంధ్య చేయి పట్టుకున్నాడు. మొదటి బోల్టు సగం తిరిగి ఉంది. నసీమా తలుపు వైపు పరిగెత్తింది. లింబాద్రి తుడుపుకర్ర అడ్డం పెట్టాడు. ఆమె తడి నేల మీద బోర్లా పడింది.

సంధ్య బోల్టు బిగించి, వాల్వ్ నెమ్మదిగా తిప్పింది. గ్యాస్ బుసకొట్టింది. అద్దం మెల్లగా తెల్లబడింది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చేసింది.

సాయంత్రం రిపోర్టులో 'వాడిన పరికరం' అన్న చోట రఘుపతి 'తుడుపుకర్ర' అని రాశాడు.

మోడల్ నంబర్ ఏమిటని హెడ్డాఫీసు అడిగింది.