మూడో శేషం

ఉదయం తొమ్మిదింటికి సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు ఎక్కబోతూ ప్రభాకర్ మెట్టు మీదే కూలిపోయాడు. మెడ వెనక సూది దిగిన గుర్తు. ఇంటెలిజెన్స్‌లో కోడ్‌లు పరీక్షించే గణిత నిపుణుడతను.

విత్తనాల కంపెనీ మనిషి వేషంలో అతనికి కాపలాగా వచ్చిన ఏజెంట్ శ్యాంసుందర్ చేరేసరికే ఊపిరి పోయింది. జేబులో పెన్‌డ్రైవ్ మాత్రం దక్కింది.

చీఫ్ ఫోన్‌లోనే బ్రీఫింగ్ ఇచ్చాడు. మధ్యాహ్నం పన్నెండుకు మిర్యాలగూడ కంట్రోల్ రూమ్‌లో కాలువ గేట్లకు కొత్త డిజిటల్ తాళం పడుతుంది. దానికి ఆధారం 617 అంకెల ప్రధాన సంఖ్య. అది ప్రధాన సంఖ్య కాకపోతే, దాని కారణాంకాలు తెలిసిన విదేశీ ముఠా గేట్లన్నీ ఒకేసారి ఎత్తేస్తుంది. వేములపల్లి వైపు ఊళ్లు మునుగుతాయి. ప్రభాకర్‌కు అనుమానం వచ్చింది గానీ రుజువు దొరకలేదు. రుజువు లేనిదే పైవాళ్లు ఆపరు.

"కోదాడలో రుక్మిణి మేడం ఉన్నారు. ప్రభాకర్‌కు పాఠం చెప్పినావిడ. ఊర్మిళ కారు తెస్తది, పో."

ఊర్మిళ ముఠాలో చొరబడిన మన ఏజెంట్. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన అత్తరు. ఇది వృథా ప్రయాణమని దారంతా అంటూనే ఉంది.

ప్రభాకర్ కబురు విని రుక్మిణి కళ్లు తుడుచుకున్నారు. పెన్‌డ్రైవ్‌లోని సంఖ్యను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించారు. మొదటి పరీక్షను సంఖ్య నెగ్గింది. మళ్లీ మళ్లీ నెగ్గింది. అప్పటికే పదకొండున్నర.

"చాలదా మేడం?" అంది ఊర్మిళ.

"ప్రధాన సంఖ్య దీన్ని తప్పక నెగ్గుతుందమ్మా. కానీ నెగ్గినవన్నీ ప్రధాన సంఖ్యలు కావు. నటించేవీ ఉంటాయి."

ఆమె రెండో పరీక్ష మొదలుపెట్టారు. వర్గం చేసి ప్రధాన సంఖ్యతో భాగిస్తే ఒకటి మిగిల్చే శేషాలు రెండే ఉండాలి: ఒకటి, ఆ సంఖ్య కన్నా ఒకటి తక్కువది. పదకొండు యాభై ఎనిమిదికి తెర మీద మూడోది వచ్చింది.

"ఇది ప్రధాన సంఖ్య కాదు బాబూ. ఈ శేషంతోనే ఒక కారణాంకం బయటికి లాగాను."

"మిగతా రెండూ?" ఊర్మిళ నోరు జారింది.

కారణాంకాలు మొత్తం మూడని ఎవరూ అనలేదు. ఆ సంగతి సంఖ్యను తయారుచేసిన వాళ్లకే తెలుసు.

ఊర్మిళ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పైకి లేచేలోగా శ్యాంసుందర్ మణికట్టు విరిచి పట్టాడు. పిస్టల్ కింద పడింది, దాని వెంట ఒక సూది. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. బ్యాగ్‌లోంచి దొర్లిన లిప్‌స్టిక్ అడుగున ఎర్రలైటు మెరుస్తోంది. సిగ్నల్‌ను ఆపే జామర్. బూటుతో నలిపేశాడు. ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే వచ్చాయి.

కంట్రోల్ రూమ్‌లో ఇంజనీర్ నరేందర్ ఫోన్ ఎత్తాడు. "సార్, పది సెకన్లే ఉంది."

"తంగేడు." ఆపమనే కోడ్ వర్డ్ అది.

అవతల కీబోర్డు మీద వేళ్ల టకటక. శ్యాంసుందర్ చేతి గడియారంలో సెకన్ల ముల్లును చూశాడు.

"ఆపిన సార్. తాళం పడలే."

సాయంత్రానికల్లా అసలైన ప్రధాన సంఖ్య దొరుకుతుందా అని చీఫ్ శ్యాంసుందర్‌తో అడిగించాడు. సంకెళ్లతో కూర్చున్న ఊర్మిళను రుక్మిణి ఓసారి చూశారు.

"వాటికేం కొరత లేదని చెప్పు బాబూ, అంతులేనన్ని ఉన్నాయి. నమ్మదగ్గ ఏజెంట్లనే కాస్త వెతుక్కోమను."