మేస్త్రీకి వినబడిన గొంతు

ఆ కొండ కొసకి పేరు మంచిది కాదు. సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన రాయి అది. చలికాలం మంచు పట్టిందంటే అక్కడ ఎవరో పిలుస్తారనీ, మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తారనీ, అటు నడిచినవాడు మళ్ళీ రాడనీ అంటారు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం నష్టం లేదు. పైగా ఇది రాత్రిపూట జరిగింది కూడా కాదు... పట్టపగలు. మా చిన్న మామయ్య కళ్ళారా చూసి చెప్పాడు. కట్టుకథలు అల్లేంత ఓపిక ఆయనకి ఏనాడూ లేదు.

మామయ్య నేత మిల్లులో బట్ట తనిఖీ చేసేవాడు. ఆయన ప్రాణస్నేహితుడు అదే మిల్లులో మగ్గాల మేస్త్రీ. ఏళ్ళ తరబడి మగ్గాల రొదలో పడి మేస్త్రీకి రెండు చెవులూ పోయాయి. పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. చెవులు పోయాకే కూతురు పుట్టింది, మరుసటేడు పెళ్ళాం పోయింది. పద్నాలుగేళ్ళ ఆ పిల్లే ఆయనకి లోకం.

"దాని గొంతు ఒక్కసారి వింటే చాలురా, ఇంకేం వద్దు" అనేవాడు.

ఆ మాటకి మామయ్య తల తిప్పుకునేవాడు. పసితనంలో వచ్చిన జబ్బుకి పిల్ల గొంతు పూర్తిగా బొంగురుపోయింది మరి. తండ్రికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఏం లాభం, పాపం?

సెలవు రోజున ఇద్దరూ ఆ కొస దాకా నడిచేవాళ్ళు. ఊపిరితిత్తుల్లో దూది దుమ్ము వదలాలంటే ఆ గాలే మందని మేస్త్రీ నమ్మకం. "అక్కడికి వద్దురా బాబూ" అని మామయ్య ఎంత మొత్తుకున్నా — "పిలిస్తే పిలవనీ. నాకు వినబడొద్దూ?" అని పకపకా నవ్వేవాడు.

ఆ రోజు మధ్యాహ్నమైనా మంచు విడవలేదు. మేస్త్రీ కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని ముందు నడుస్తున్నాడు. ఉన్నట్టుండి ఆగాడు. తల ఓ పక్కకి వంచాడు.

చెవులు లేనివాడు తల అలా ఎందుకు వంచుతాడు?

"ఒరేయ్..." మేస్త్రీ గుసగుసగా అన్నాడు. "పిలుస్తోందిరా."

మామయ్య చెవులు రిక్కించాడు. గాలి... అలలు... అంతే.

"నాన్నా అంటోంది..."

నడక మొదలుపెట్టాడు — అంచు వైపుకి.

అరిస్తే వినబడదు. వెనకనున్న మనిషి పెదాలు కనబడవు. అప్పుడు మా మామయ్య చేసిన ఘనకార్యం వినండి — నించున్న చోటే దబదబా కాలితో నేలని తన్నాడు! మిల్లులో నేల చెక్కది. మేస్త్రీని పిలవాలంటే అందరూ అంతే, చెక్క మీద రెండుసార్లు కాలు తాటిస్తే ఆ అదురుకి తిరిగి చూసేవాడు. ఇన్నేళ్ళ అలవాటు... కాలు దానంతటదే లేచింది. కానీ ఇక్కడ కాలి కింద కొండరాయి. "పరిగెత్తాల్సింది పోయి రాతిని తంతూ నించున్నానే, వెధవని!" అని ఇప్పటికీ తల బాదుకుంటాడు.

తెలివొచ్చి పరిగెత్తేసరికి మేస్త్రీ అంచుకి అడుగు దూరంలో ఉన్నాడు. కోటు దొరకబుచ్చుకుని లాగితే ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

మేస్త్రీ తిట్టలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత మామయ్య మొహంలోకి చూస్తూ అడిగాడు — "పాపది బొంగురు గొంతా?"

మామయ్య తల తిప్పుకోబోయి ఆగాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా?"

"అది పాప కాదురా... పాప ఇంట్లో ఉంది. అది ఇంకేదో..."

"ఏదైతే నాకేం? నువ్వు రోజూ వింటావు."

మామయ్య ఆయన్ని ఇంటికి తీసుకొచ్చి, పిల్లని పక్కకి పిలిచి అంతా చెప్పాడు. వారం పాటు ఇద్దరూ వంతులేసుకుని కాపలా కాశారు. ఎనిమిదో రోజు ఫెళ్ళున ఎండ కాసింది. మంచే లేదు కదా అని కాస్త ఏమరారు... తలుపు బార్లా తీసి ఉంది.

వీళ్ళు పడుతూ లేస్తూ చేరేసరికి మేస్త్రీ కొస మీద ఉన్నాడు. మధ్యలో యాభై అడుగుల దూరం.

"నాన్నా!" పిల్ల గొంతు చించుకుని అరిచింది.

మేస్త్రీ ఒక అడుగు ముందుకి వేశాడు.

"నాన్నా... వద్దు నాన్నా!"

ఇంకో అడుగు. పిల్ల పిలిచినప్పుడల్లా ఒక అడుగు... వెనక్కి కాదు, సముద్రం వైపుకి.

పరిగెత్తినా అందడని మామయ్యకి తెలిసిపోయింది. ఏం తోచక పిల్ల నోరు అరచేత్తో గట్టిగా మూసేశాడు.

మేస్త్రీ ఆగాడు.

పిల్ల కన్నీళ్ళు మామయ్య వేళ్ళ మీదుగా కారుతున్నాయి. దాని పెదాలు ఆయన అరచేతి కింద కదలనైనా కదల్లేదు...

అప్పుడు, మొదటిసారిగా, మామయ్యకి కూడా వినబడింది. కొండ కింద నుంచి. అదే బొంగురు గొంతు.

"నాన్నా..."

"వస్తున్నానమ్మా" అన్నాడు మేస్త్రీ.