సున్నిపిండికి పెట్టిన పేరు

"కుంకుళ్ళూ, ఇటు రా!" అని దివిజ కేకేసింది. షెడ్డు ఆ చివర నుంచి కుంకుడుకాయల బుట్ట నాలుగు చక్రాల మీద బుద్ధిగా దొర్లుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర ఆగింది. దాని వెనకే పసుపు బుట్ట కూడా బయల్దేరింది. "నిన్నెవరు పిలిచారే?" అని దివిజ దాన్ని వెనక్కి తోలేసింది.

కడియపులంకలో అది మామూలు పొద్దే. పిలుపుమణి వచ్చి అప్పటికి పాతికేళ్ళు. ఆవగింజంత ఆ మణిని అతికిస్తే చాలు, ఏ వస్తువైనా తన పేరు వినగానే పలుకుతుంది. చక్రాలుంటే నడిచొస్తుంది, లేకపోతే ఉన్నచోటే కూత పెడుతుంది. జాబితాలూ చీటీలూ మూలపడ్డాయి. జనం వెతుక్కోవడం మానేసి పిలవడం నేర్చుకున్నారు. అయితే చిక్కొకటుంది. దేశాలు దాటే సరుకు దేనికైనా లోకం మొత్తానికీ ఒక్కటే పేరుండాలి, ఆ పేరు ఇంకెవరి సరుకుకీ ఉండకూడదు.

ఆ చిక్కే ఇప్పుడు లాస్య ప్రాణానికొచ్చింది. ముప్ఫై మంది ఆడవాళ్ళ సంఘానికి ఆమె పెద్ద. వాళ్ళు చేసే సున్నిపిండి, మందార నూనె, వట్టివేళ్ళ లేపనం పదేళ్ళుగా జిల్లాలోనే అమ్ముడుపోతున్నాయి. ఈ ఏడాది పదకొండు దేశాల అంగళ్ళు అడిగాయి. మధ్యాహ్నం పన్నెండులోగా ఈ మూడు సరుకులకీ కలిపి ఒక పేరు నమోదు కావాలి. సాయంత్రం అయిదులోగా మొదటి బండిని గొంతుముద్ర నమోదైన సంఘంవాళ్ళే ఎవరో ఒకరు పిలిచి గేటు దాటించాలి. తప్పితే మళ్ళీ ఏడాదికే. అప్పటిదాకా ఖాళీ అర పెట్టుకుని కూర్చునే అంగడి ఉంటుందా?

పొద్దుటి నుంచీ నామశోధిని ముందు అందరూ గొంతు చించుకున్నారు. ఏ పేరు చెప్పినా అది ఎన్ని నాలుకలకు తిరుగుతుందో, విన్నవాళ్ళ నాడి ఎంత నెమ్మదిస్తుందో ఆ యంత్రం లక్షలమంది మీద క్షణంలో చూసి చెబుతుంది. 'సుగాత్రి' అన్నారు, ఆ పేరుతో ఎక్కడో చీపురుంది. 'మృదుల' అన్నారు, అది వియత్నాంలో ఎవరి పరుపో. దివిజ ఉక్రోషంతో 'దివిజ' అంది. నూటికి పదకొండు మార్కులొచ్చాయి.

పన్నెండుకి పది నిమిషాలుందనగా లాస్యకి ఓపిక నశించింది. సంఘం పుట్టినప్పటి కాగితాల కట్టంతా యంత్రం ముందు పడేసి, "ఇందులోంచి నువ్వే ఏదో ఒకటి తీసుకో తల్లీ" అంది.

"దొరికింది. నూటికి తొంభై ఎనిమిది. నమోదు చేయనా?"

తొంభై ఎనిమిది అని వినగానే షెడ్డంతా చప్పట్లు. ఆ ఊపులో, పేరేమిటని కూడా అడక్కుండా లాస్య వేలిముద్ర వేసేసింది.

"నమోదైంది. పేరు: నూకాలు."

చప్పట్లు ఆగాయి. ఎవరీ నూకాలు? ఒక్క క్షణం ఎవరికీ తట్టలేదు. తట్టాక దివిజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అమ్మో! దొడ్డమ్మే!"

దొడ్డమ్మంటే లాస్య అత్తగారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. సున్నిపిండిలోకి పెసలెన్ని, బావంచాలెన్ని, కచ్చూరాలెన్ని అన్నది ముప్ఫై మందికీ చేత్తో చూపించి నేర్పిందావిడే. ఊరందరికీ దొడ్డమ్మ, లాస్యకి అత్తయ్య. ఆ పేరు కాగితాల్లో తప్ప ఎవరి నోటా లేదు. ఇప్పుడు ఆ పేరుతో, అదీ ఏకవచనంలో, బండిని రా, పో అనాలి!

మూడయింది, నాలుగయింది. నింపిన బండి అలాగే నిలబడి ఉంది. తోసి చూశారు, పిలవందే చక్రం తిరగలేదు.

"నువ్వు పిలువు దివిజా."

"నా వల్ల కాదక్కా. చిన్నప్పుడు నాకు తలంటిన చేతులవి. కోడలివి, నువ్వే పిలవరాదూ?"

"కోడల్ని కాబట్టేగా నోరు రావట్లేదు!"

చివరికి దివిజ బండి ముందు చేతులు కట్టుకుని, "నూకాలు గారూ, తమరు దయచేయండి" అంది. అలాంటి సరుకేదీ లేదని బండి చెప్పింది. అంత దిగుల్లోనూ అందరికీ నవ్వాగలేదు.

ఆ నవ్వులకి వెనక గదిలో కునుకు తీస్తున్న దొడ్డమ్మ లేచొచ్చింది. "ఏంటే ఆ గోల? బండింకా కదల్లేదేం? ఇంతకీ ఏం పేరు పెట్టారు?"

లాస్య ఒక పళ్ళెంలో సున్నిపిండి పరిచి, బారసాలలో బియ్యం మీద రాసినట్టు, వేలితో మూడక్షరాలు రాసి అత్తగారి ముందు పెట్టింది. సిగ్గుతో ఆమె తలెత్తలేకపోయింది.

దొడ్డమ్మ వంగి, కూడబలుక్కుని చదివింది. "ఇదేం పేరే? బడిలో పిల్లలు వెక్కిరించేవారు నన్ను."

"తప్పయిపోయింది అత్తయ్యా. చూసుకోలేదు. బండిని పిలవడానికి మాకెవరికీ నోరు రావట్లేదు."

"ఓసి మీ మర్యాద మండ!" అని దొడ్డమ్మ కొంగు బిగించి బండికేసి తిరిగింది. సంఘంలో మొదటి గొంతుముద్ర ఆవిడదే. "నూకాలూ! కదులు, పొద్దుపోతోంది!"

బండి కదిలింది. గేటు దాటేసరికి అయిదుకి ఇంకా నాలుగు నిమిషాలుంది.

కథ అక్కడితో అయిపోయిందనే లాస్య అనుకుంది. ఎక్కడైనా కొన్నవాళ్ళు సీసాని తొలిసారి పిలిస్తే, ఆ గొంతు తయారుచేసిన చోట పిలుపుగోడ మీద వినిపిస్తుంది. పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ గోడ పలికింది. నైరోబీ నుంచి ఎవరో పెద్దావిడ. "నూకాలూ..." అని చివర బాగా సాగదీసింది.

"ఆఁ!" అంటూ, కచ్చూరాలు ఏరుకుంటున్న దొడ్డమ్మ చేట పక్కనపెట్టి సగం లేచేసింది. తర్వాత నాలిక్కరుచుకుని కూలబడింది. నవ్వుతూనే ఉంది, కళ్ళు మాత్రం నిండిపోయాయి.

"మా అమ్మ ఇలాగే సాగదీసేది. మీ మావయ్య 'ఏమే' తప్ప ఇంకోటి ఎరగడు. అమ్మ పోయి నలభై ఏళ్ళయిందే లాస్యా. మళ్ళీ ఇదే వినడం."

ఇన్నేళ్ళూ గౌరవమని తాము దాచిపెట్టింది ఈవిడ పేరునా అనుకుంది లాస్య. నామశోధిని లక్షల నాడులు చూసింది. పేరుగల మనిషి నాడి చూడాలని దానికీ తోచలేదు, తమకీ తోచలేదు.

ఇప్పుడు దొడ్డమ్మ పీట పిలుపుగోడ కిందకి మారింది. రోజుకి వంద గొంతులు, రెండొందల గొంతులు. ఒక్కదాన్నీ ఆవిడ వదలదు. అన్నిటికీ పలుకుతుంది. కోడలికి మాత్రం ఆ పేరు ఇప్పటికీ నోట రాదు.

"అత్తయ్యా, లిమా నుంచి ఎవరో పిలుస్తున్నారు."

"వినబడిందే." చేతిలో పిండి దులుపుకుని దొడ్డమ్మ గోడకేసి తిరుగుతుంది. "ఆఁ, వస్తున్నా!"