వాపసు వచ్చిన సీసాలు

కంభం బస్టాండు ఎదురు సందులో బుడే సాహెబ్ మెడికల్ షాపు ముప్పై ఏళ్లుగా ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట కాగానే ఆయన షట్టరు సగానికి పైగా దించేసి, లోపల స్టూలు మీద కూచుని టిఫిన్ క్యారియరు విప్పుతాడు. అట్లని బేరం ఆగదు. పని మధ్యలో పరిగెత్తుకొచ్చిన కూలిజనం షట్టరు కింద సందులోంచి ఖాళీ సీసా లోపలికి తోస్తారు. ఆయన ముఖం చూడడు, పేరు అడగడు. సీసాను చూస్తే చాలు, అది ఏ ఇంటిదో తెలిసిపోతుంది. గుడ్డపేలిక కుక్కిన తేనె సీసా దీనమ్మది. క్వార్టరు సీసా మాల్యాద్రిది. ఎన్నిసార్లు కడిగినా పచ్చడి వాసన పోని వెడల్పు మూతి సీసా సుశీలమ్మది.

వాటిలో పోసిచ్చేది దగ్గు మందు. నిండు సీసా కొనలేనివాళ్లకు కాస్తంత విడిగా పోసిచ్చే షాపు ఆ చుట్టుపక్కల అదొక్కటే. "సాయిబన్న ధర్మాత్ముడు" అనేవాళ్లు. ఆ ధర్మం ఎట్లాంటిదో చెప్తా వినండి. బల్ల వెనక చీకటి మూలన అయిదు లీటర్ల ప్లాస్టిక్ క్యాను, దానికొక కొళాయి. కొత్త సరుకు వస్తే సీసాల మూతలు విప్పి అందులోకే వంచేస్తాడు. అడుగున పాతది ఉండగానే పైన కొత్తది పడుతుంది. ఆ క్యాను కడిగిందెప్పుడో అల్లాకే ఎరుక. కొళాయి చుట్టూ పాకం నల్లగా పొలుసు కట్టి, అందులో చీమలు, రెక్కలూడిన ఈగ, ఎవరిదో తెల్లవెంట్రుక. థూ! పసిపిల్లల నోళ్లలోకి పోయేది ఆ కొళాయి మందే.

అయితే ఒక మాట ఒప్పుకోవాల. తన ఇంటికీ అందులోంచే పట్టుకుపోయేవాడు. మార్చి నెల, తెల్లారి చలి, పగలంతా ఎండ, ఊరు ఊరంతా దగ్గు. ఆయన కొడుకు అల్తాఫ్ కూతురు సైమాకు అయిదేళ్లు. ఆ పిల్ల దగ్గుతుంటే బుడే సాహెబ్‌కు ముద్ద దిగేది కాదు. సోమవారం సాయంత్రం పన్నీరు సీసా నిండా పట్టుకుపోయి భార్య షాహిదాబీ చేతికిచ్చినాడు. గులాబీ రంగు మూత సీసా అది. సైమా దానికి సీతాకోకచిలుక బొమ్మ అంటించుకుంది.

బుధవారం పొద్దున పదింటికి ఫోను మోగింది. మార్కాపురం మందుల ఏజెన్సీ నుంచి వినయ్ కుమార్.

"సాబ్, పోయిన నెల పంపిన ఎర్ర దగ్గు మందు ఒక్క చుక్క అమ్మొద్దు. ఆ బ్యాచి మొత్తం వాపసు తీసుకుంటన్నారు. తాగిన పిల్లలకు ఒంటేలు ఆగిపోతోందంట, కిడ్నీలు పాడైతన్నాయంట. ఎవరెవరికి అమ్మినారో వాళ్లందరికీ ఇప్పుడే కబురు చెయ్యండి."

బుడే సాహెబ్ మూలకు చూసినాడు. ఆ బ్యాచి సీసాలన్నీ ఖాళీగా బల్ల కింద దొర్లుతున్నాయి. మందంతా క్యానులో కలిసిపోయింది.

"నేనింకా పెట్టె విప్పనే లేదు నాయనా," అన్నాడు.

నోరు తడబడకుండా ఎంత నున్నగా చెప్పినాడో చూడండి! విడిగా పోసి అమ్ముతున్నట్టు బయటపడితే లైసెన్సు పోతుంది, అదీ ఆయన భయం. ఫోను పెట్టేసి, వెంటనే ఇంటికి చేసినాడు.

"సైమాకు ఆ దగ్గు మందు పొయ్యొద్దు. పారబొయ్యి."

"ఏమైంది జీ? రెండ్రోజుల్నించి మూడు పూటలా పోస్తానే ఉన్నా, నువ్వు తెచ్చిందే కదా," అంది షాహిదాబీ.

"ఏం కాలేదు. పాతబడిన సరుకు. పారబోసి సీసా కడిగెయ్."

గుండె మీద బరువు దిగినట్టయి టీ తెప్పించుకున్నాడు. తన మనవరాలి గండం గడిచింది. దీనమ్మ ఇల్లు చర్చి వెనక, నడిచిపోతే అయిదు నిమిషాలు. మాల్యాద్రి బస్టాండులోనే మూటలు మోస్తుంటాడు, కేకేస్తే పలుకుతాడు. కేకెయ్యలేదు. టీ తాగినాడు.

పదకొండింటికి ఆటో సామ్యేలు వచ్చినాడు. దీనమ్మకు తమ్ముడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, దీనమ్మక్క మనవరాల్ని, కృపను, రాత్రి మార్కాపురం ఆసుపత్రిలో చేర్చినాం. ముఖమంతా ఉబ్బిపోయింది. నిన్నటినించి ఒంటేలు చుక్క పడలేదు. ఏ మందు తాగించినారని డాక్టరు ఒకటే అడుగుడు. తేనె సీసా చూపిస్తే తిట్టినాడు. నువ్వు పోసిచ్చిన మందు పేరేందో చెప్పన్నా, ఫోన్ చేసి చెప్తా."

పేరు నాలిక చివరనే ఉంది. బుడే సాహెబ్ దాన్ని మింగేసినాడు.

"అదా... తులసాకు మందు సామ్యేలూ. పేరేముంటది దానికి. దానివల్ల ఏం కాదులే."

సామ్యేలు తలూపి, ఆ మాటే ఫోనులో చెప్పుకుంటూ వెళ్లిపోయినాడు. రోత! చెప్పేవాణ్ని, నాకే నోరంతా చేదవుతోంది.

ఒంటిగంట అయింది. ఆయన షట్టరు దించినాడు.  అన్నం తినడానికి కాదు, క్యాను ఖాళీ చెయ్యడానికి దించినాడు. కరెంటు కూడా లేదు, లోపలంతా చీకటి. వెనక తూము దగ్గరికి ఈడ్చుకుపోయి మూత తీసి వంచితే ముందు వాసన వచ్చింది. తీపి వాసన, దాని కింద ఎక్కడో కుళ్లిన గుడ్డ వాసన. ఎర్రటి మందు జారింది. తర్వాత రాలేదు. క్యాను తట్టినాడు. లోపల ఏదో గొంతు సవరించుకున్నట్టు గళ్ మంది. అడుగున ఏళ్లుగా పేరుకున్న గడ్డ ఒక్కసారిగా, గళ్ల పడినట్టు, థప్పున పడి ఆయన పాదాల మీద చిందింది. చీమలు, బొద్దింక కాళ్లు... వెచ్చగా ఉంది. ఎందుకు వెచ్చగా ఉంది?

 పాదాలు గోడకేసి రాసుకున్నాడు.

అప్పుడు ముందువైపు గీరిన చప్పుడు.

సిమెంటు మీద గాజు గీరుతోంది. బేరానికెవరో వచ్చినారు. బల్ల దగ్గరికి వచ్చి చూస్తే షట్టరు కిందుగా తేనె సీసా లోపలికి వచ్చింది. గుడ్డపేలిక కుక్కి ఉంది.

"దీనమ్మక్కా? ఆసుపత్రి నించి ఎప్పుడొచ్చినావు? మందు లేదక్కా, అయిపోయింది."

బయట గుసగుసగా ఎవరో అన్నారు. "వాపసు తీసుకో..."

దీనమ్మ గొంతు కాదు. సీసాను తోసిన చెయ్యి ఇంకా సందులోనే ఉంది. చిన్న చెయ్యి. వేళ్లు ఉబ్బి ఒకదానికొకటి ఆనుకున్నాయి. షట్టరు అంచు తగిలిన చోట మణికట్టు సొట్టపడింది. ఆ సొట్ట మళ్లీ పైకి లేవలేదు... చెయ్యి వెనక్కి జారిపోయింది. నేల మీద జిగట మరక మిగిలింది. దాని నిండా చీమలు.

 మళ్లీ గీరిన చప్పుడు. క్వార్టరు సీసా.

"వాపసు తీసుకో..."

తర్వాత పచ్చడి సీసా. తర్వాత ఇంకోటి, ఇంకోటి... అన్నీ ఆయనకు తెలిసిన సీసాలే, కానీ ఖాళీవి కావు, నిండువి. అన్నీ చిన్న చేతులే. షట్టరు కింద సందులోంచి ఎండ నేరుగా లోపలికి పడుతోంది. నీడ లేదు. అంతమంది నిలబడితే కాళ్ల నీడ పడాల కదా... పడలేదు.

"పోండి... పోండి ఇక్కణ్నించి," అన్నాడు. 

గీరడం ఆగింది. ఎక్కడో గిద్దలూరు బస్సు హారను కొట్టింది.

మళ్లీ గీరింది. నెమ్మదిగా. గులాబీ రంగు మూత. సీతాకోకచిలుక బొమ్మ. ఈ సీసా ఒక్కటే ఖాళీగా ఉంది.

"దాదా... నాది కూడా..."

ఆయన కేక పెట్టి షట్టరును రెండు చేతులా పైకి లేపేసినాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ. ఖాళీ సందు. పడుకున్న కుక్క తలెత్తి చూసి మళ్లీ పడుకుంది. మెట్టు మీద అడుగుజాడ కూడా లేదు. వెనక్కి తిరిగి చూసినాడు. సీసాలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. వెలుతురు పడగానే తెలిసింది, వాటిలో ఉన్నది ఎర్ర మందు కాదు. పసుపుపచ్చగా ఉంది, పైన నురుగు. తేనె సీసా గుడ్డ తీసినాడు. గుప్పున ఉచ్చ కంపు... వెచ్చగా, మూతి దాకా నిండి.

ఫోను మోగింది. సామ్యేలు.

"కృప పోయిందన్నా," అన్నాడు. ఏడ్చినాడు. "ఇప్పుడే... ఒంటిగంటకు."

బుడే సాహెబ్ మందు పేరు చెప్పినాడు. పూర్తి పేరు, బ్యాచి నంబరుతో సహా చెప్పినాడు.  "పదకొండింటికి అడిగినా కదన్నా," అని సామ్యేలు ఫోను పెట్టేసినాడు.

ఇంటికి ఫోను చేసినాడు.

"సైమా ఏం చేస్తాంది?"

"పడుకుంది జీ. దగ్గు తగ్గింది. నువ్వు చెప్పినట్టే పారబోసినా. సీసా కడిగి కిటికీలో బోర్లించినా."

"ఆ సీసా ఉందా అక్కడ? చూడు. చూసి చెప్పు."

"నా ముందరే ఉంది, గులాబీ మూతది. ఏంది జీ, అట్ల అరుస్తావు?"

ఆయన షట్టరు దగ్గరి సీసాను చూసినాడు. అదే మూత. అదే బొమ్మ, ఎడమ రెక్క చివర సైమా గోటితో గీకిన గీత. ఇందాక ఖాళీగా ఉన్న దాని అడుగున ఇప్పుడు వేలెడు పసుపు నీళ్లు.

"షాహిదా... బిడ్డ ఒంటేలుకు పోయిందా?"

అవతల షాహిదాబీ మంచం దగ్గరికి పోయిన గాజుల చప్పుడు.

"పొద్దున్నించి... పోలేదు జీ. నిద్రపోతాంది కదా అనుకున్నా. ముఖం కూడా కొంచెం... ఎక్కువ నిద్రపోయినందుకేమో, కొంచెం ఉబ్బింది."

"లేపు! ఎత్తుకుని రోడ్డు మీదికి రా! డాక్టరుకు మందు పేరు చెప్పాల, రాసుకో..."

చెప్తూ చెప్తూ కిందికి చూసినాడు. మూత గట్టిగా బిగించే ఉంది. లోపల నీళ్లు సీతాకోకచిలుక రెక్కల దాకా వచ్చినాయి.